నార్వే దిష్టిబొమ్మ

ఆ శుక్రవారం పొద్దున రిజ్వానా వేసుకున్న పథకం చాలా చిన్నది. మగవాళ్ళు జుమ్మా నమాజుకు వెళ్ళేలోపు వంటింటి సామాను అట్టపెట్టెల్లో సర్దాలి. వాళ్ళు తిరిగొచ్చాక మూడో అంతస్తులో ఉన్న తమ సంసారం కింది ఇంట్లోకి, కింది ఇంట్లో ఉన్న జయ సంసారం మూడో అంతస్తులోకి మారిపోవాలి. రాత్రికి కొత్త వంటింట్లో పాలు కాచుకోవాలి. అంతే.

తొందర ఎందుకంటే, మర్నాడు సౌదీలోని దమ్మామ్ విమానాశ్రయంలో ఆమె అత్త మదార్బీ దిగుతోంది. మక్కా వెళ్ళి ఉమ్రా చేసుకోవాలని ఆమెకు ఎన్నాళ్ళనుంచో ఆశ. విజిట్ వీసా వచ్చేసరికి మోకాళ్ళు పోయాయి. జుబైల్‌లోని ఈ భవనానికి లిఫ్టు లేదు. "మూడంతస్తులు ఎక్కల్లంటే నేను ఇమానంలోనే కూచుంటా, అదే ఇమానంలో ప్రొద్దుటూరుకు వచ్చేస్తా" అని ఆమె ఫోనులో ముందే చెప్పింది. బతిమాలి ఎక్కించడం కష్టమేమీ కాదు. ఎక్కాక ఇక దిగదు. అదీ రిజ్వానా భయం. పొద్దు పోవడానికి కోడలి గిన్నెల మూతలు తీసి చూడటం తప్ప వేరే దారిలేని అత్తతో, వీసా ఉన్నన్నాళ్ళూ నాలుగు గోడల మధ్య గడపాలి. అదే కింది ఇల్లయితే గుమ్మం ముందు కుర్చీ వేసుకుని వచ్చేపోయేవాళ్ళను పలకరిస్తూ కూర్చుంటుంది.

కింది ఇంటి జయది కోనసీమ. ఆమె భర్త అమ్మిరాజు ఒక కంపెనీలో స్టోర్‌కీపరు. వాళ్ళ కొడుకు పదో తరగతి. కింద ఎండ పడదు. వడియాలు పెట్టుకోవడానికి లేదు, బట్టలు ఆరవు. మిద్దె పక్కనే ఉన్న మూడో అంతస్తు మీద ఆమెకు ఏడాదిగా కన్నుంది. ఇళ్ళు మార్చుకుందామన్న మాట ఆమె నోటినుంచే ముందు వచ్చింది. ఇంటి యజమాని అబూ ఫైసల్ సరేనన్నాడు. సాయంత్రం అసర్ నమాజు తర్వాత వచ్చి రెండిళ్ళూ ఒకసారి చూసి తాళాలు మార్చి ఇస్తానన్నాడు.

అంతా సరిగ్గా ఉండగా ఎనిమిదో తరగతి అఫ్షాన్ గదిలోంచి వచ్చి, "అమ్మా, ట్రోల్ ఇంకా ఆరలేదు" అంది.

ఆదివారం స్కూల్లో ప్రదర్శన. ప్రపంచ పురాణాల్లోని వింత జీవులు, అవి ఎలా పుట్టాయన్న కథలు. లాటరీలో అఫ్షాన్‌కు నార్వే వైపు పురాణాలు వచ్చాయి. ఇలాంటి ప్రాజెక్టులు పిల్లలకు ఇస్తారు, తల్లులు చేస్తారు. రెండు రోజులుగా రిజ్వానా పాత పేపర్లు నానబెట్టి, మైదా జిగురు కలిపి, ట్రోల్ అనే ఆ కొండభూతాన్ని తయారు చేస్తోంది. నోరు ఇంకా పెద్దదిగా, ముక్కు ఇంకా లావుగా ఉండాలని కూతురు పుస్తకం చూసి చెబుతుంటే, ఆమె వేళ్ళు మాత్రం తమకు తెలిసిన ఒకే ఒక్క భూతం ముఖాన్ని చేసుకుంటూ పోయాయి. ప్రొద్దుటూరులో కట్టే ప్రతి మేడ ముందూ వేలాడే దిష్టిబొమ్మ ముఖం. నల్ల రంగు, ఎర్ర పెదాలు, కళ్ళకు సీసా మూతలు, పళ్ళకు వెల్లుల్లి రెబ్బలు. జుట్టుకు ఆమె భర్త గులాం మొహిద్దీన్ సాయం చేశాడు. అతను ప్లాంటులో ఇన్సులేషన్ ఫోర్‌మన్. పైపులకు చుట్టగా మిగిలిన రాక్‌వూల్ పీచు ముక్క ఒకటి సంచిలో వేసుకొచ్చాడు.

"ఎండలో పెడదాం పా. గట్టిపడతాది" అంది రిజ్వానా.

"కథలో కూడా అంతేనమ్మా. ట్రోల్ రాత్రిపూటే తిరుగుతుంది. ఎండ తగిలితే రాయైపోతుంది. అక్కడి కొండలు చూస్తే మనిషి ముఖాల్లా ఉంటాయంట, అందుకే ఆ కథ పుట్టిందని మా టీచర్ చెప్పింది."

"మంచిదేలే. రాయైతే ముక్కు ఊడదు."

బాల్కనీలో పెడితే బొమ్మ ముక్కు బరువుకు ముందుకు తూలింది. రిజ్వానా తన పాత ఎర్ర దుపట్టాతో దాన్ని బాల్కనీ కడ్డీలకు గట్టిగా కట్టేసింది. ట్రోల్ కడ్డీల మీదుగా కిందికి వంగి, పళ్ళు బయటపెట్టి, జయ గుమ్మాన్ని తేరిపార చూస్తూ నిలబడింది. రిజ్వానాకు దాని వీపు మాత్రమే కనిపించింది.

"ఇంకో చిన్నది కూడా చేయాలమ్మా. ఉడుత. వాళ్ళ కథలో లోకమంతా ఒక పెద్ద చెట్టు. పైన గద్ద, కింద వేళ్ళ దగ్గర పాము. రెండింటికీ పడదు. ఈ ఉడుత రోజంతా పైకీ కిందికీ ఉరుకుతూ వాళ్ళ తిట్లు వీళ్ళకి, వీళ్ళ తిట్లు వాళ్ళకి మోస్తుంటుంది."

"ఇదేం ఉడుతమే. మన ఉడుత ఇసుక మోసి వారధి కట్టింది. పో, ఆ గ్లాసులకు పేపర్ చుట్టు."

కింద జయ తడి బట్టల బకెట్‌తో బయటికొచ్చి, ఎందుకో తలెత్తింది. బకెట్ అక్కడే దించేసింది.

దిష్టిబొమ్మ ఎటు చూస్తుంటే అటువైపు కళ్ళు మంచివి కావని అర్థం. ఈ సంగతి కోనసీమలో చంటిపిల్లలకు కూడా తెలుసు. రోడ్డు వైపు పెడితే రోడ్డున పోయేవాళ్ళ మీద అనుమానం, అందులో తప్పులేదు. ఇక్కడ బొమ్మ రోడ్డు వైపు లేదు. వీధి గేటు వైపూ లేదు. ఇల్లు మారబోయే రోజు పొద్దున్నే, ఎర్రగుడ్డ కట్టుకుని మరీ, సూటిగా తన గుమ్మం వైపు ఉంది.

సరిగ్గా అప్పుడే రెండో అంతస్తు షబ్నమ్ చెత్త సంచి పారేయడానికి దిగింది. షబ్నమ్‌ది హైదరాబాదు. ఆమె భర్త అర్షద్ డ్రైవరుగా ఎప్పుడూ హాయిల్ దారిలో ఉంటాడు, ఆమె ఎప్పుడూ మెట్ల మీద ఉంటుంది. మొదటి అంతస్తు వాళ్ళు నైట్ షిఫ్టు చేసి పగలంతా నిద్రపోతారు కనుక, ఈ భవనంలో మాట పైనుంచి కిందికి దిగాలన్నా, కిందినుంచి పైకెక్కాలన్నా షబ్నమ్ ఒక్కతే ఆధారం.

"ఏంటండీ అది షబ్నమ్ గారూ? మా గుమ్మం వైపే చూస్తోంది. ఎవరికోసం కట్టారో కాస్త కనుక్కుంటారా, ఊరికే" అంది జయ.

షబ్నమ్ ఊరికే కనుక్కోవడానికి మూడో అంతస్తు ఎక్కింది.

"రిజ్వానక్కా, గా బొమ్మ ఎవ్వరికోసమని జయక్క అడుగుతుంది. జర కోపంగనే ఉంది."

రిజ్వానా పప్పు డబ్బాలకు టేపు వేస్తోంది. "బొమ్మకు కోపమేంటికి? పాపది, ఎండకు పెట్టినా. సాయంత్రం దాకా ఎండల్ల. అందాక కదిలించేది లేదు."

ఇందులో చివరి మాట ఒక్కటే కిందికి దిగింది. దిగేటప్పుడు మెట్టుకింత చొప్పున పెరిగింది కూడా. "సాయంత్రం దాకా కదిలించేదే లేదంటుంది అక్కా. నీకు కోపమెందుకు అంటుంది. నేనైతే ఏమన్లే."

జయ నడుముకు చేతులు పెట్టుకుంది. "అంటే మా కళ్ళు మంచివి కావనా? ఈ మాట ఇల్లు మారకముందే తెలియడం మంచిదైంది. ఆ ఇంట్లోకి వెళ్ళాలా వద్దా అని నేనూ ఆలోచించుకోవాలండీ."

పైకెక్కేసరికి ఆలోచన నిర్ణయమైంది. "అక్కా, ఇల్లు మారదంట ఆమె."

రిజ్వానా చేతిలో టేపు జారిపోయింది. ఆమెకు కళ్ళముందు మదార్బీ కనిపించింది. మంచం మీద కూర్చుని, "ఈ పప్పులో చింతపండు ఎవురు పోసినారు?" అని అడుగుతున్న మదార్బీ.

"మాటంటే మాట ఉండల్ల కదా షబ్నమ్. ఎండ కావల్ల, మిద్దె కావల్ల అని ముందు అడిగింది ఆమేనా, నేనా?"

షబ్నమ్ దాన్ని జాగ్రత్తగా పట్టుకుని దిగింది. "ఎండకు గతిలేక మీరే వచ్చి అడుక్కున్నరంట అక్కా. గట్లనే అనలేదు గని, మతలబు అదే."

జయ విసురుగా లోపలికెళ్ళింది. వడియాల కోసం మలయాళీల కొట్లో కొని దాచిన బూడిద గుమ్మడికాయ ఒకటి వంటింట్లో ఉంది. దాన్ని ఒళ్ళో పెట్టుకుని కాటుకతో మీసాలు, కుంకుమతో నాలుక, పసుపుతో గుడ్లు, పెదవుల పక్కగా కోరలు దిద్దింది. అమ్మిరాజు టీవీ ముందునుంచి తలతిప్పి చూసి, "ఎందుకే ఇప్పుడు? వడియాలు పెడతానన్నావు కదా" అన్నాడు.

"పెడతాను. ముందు వాళ్ళకి పెడతాను."

కిటికీ బయట ఏసీ పెట్టె మీద గుమ్మడికాయను పడుకోబెట్టి, బట్టలతాడుతో బిగించి కట్టింది. ముఖం ఆకాశం వైపు, అంటే మూడో అంతస్తు బాల్కనీ వైపు. లోపల ఏసీ ఆన్ అయినప్పుడల్లా పెట్టె అదిరేది. గుమ్మడికాయ కోరలు చూపిస్తూ తల ఊపేది.

ట్రోల్ ఆరిందో లేదో చూడటానికి బాల్కనీలోకి వచ్చిన రిజ్వానా కిందికి చూసింది. కింది భూతం ఆమెను చూసి తల ఊపింది.

"చూసినావా?" అంది నమాజునుంచి అప్పుడే తిరిగొచ్చిన భర్తతో. "మన కండ్లు మంచివి కావంట. అందుకే ఇల్లు మారరంట. కాయ కట్టి మరీ చెప్తాండారు."

మొహిద్దీన్ బాల్కనీలోంచి తొంగిచూశాడు. పక్కనే వంగి ఉన్న తన ఇంటి బొమ్మనూ చూశాడు. రెండింటికీ సంబంధం ఉండవచ్చునని అతనికి లీలగా తోచింది. కానీ ప్లాంటు ఆపి మరమ్మతు చేసే షట్‌డౌన్ పనిలో వారమంతా నిద్రలేదు. భార్య కోపంగా ఉన్నప్పుడు తోచినవన్నీ చెప్పకూడదని పెళ్ళైన కొత్తలోనే నేర్చుకున్నాడు.

"రేపు అమ్మ వస్తాది" అన్నాడు.

"నాకు తెల్దా? ఆమెను యాడ పెట్టల్ల? ఆమె మోకాళ్ళు మోసుకొని ఎవురు ఎక్కల్ల?"

ఈలోగా జయ భవనం కాపలాదారు ఇష్తియాక్‌ను పిలిచింది. అతన్ని ఇక్కడ అందరూ హారిస్ అంటారు, అరబ్బీలో కాపలాదారనే అర్థం. పాకిస్తానీ. మంచివాడు, కాస్త పిరికివాడు. పైకెళ్ళి ఆ బొమ్మ ముఖం అటువైపు తిప్పించమని జయ తనకొచ్చిన హిందీలో చెప్పింది. అతను వెళ్ళి మొహిద్దీన్‌ను అడిగాడు. "తిప్పుకో భాయ్, నీ పుణ్యముంటాది" అని మొహిద్దీన్ హిందీలోనే సంతోషంగా దారి ఇచ్చాడు. ఇష్తియాక్ బాల్కనీలోకి వెళ్ళి, బొమ్మను జుట్టు పట్టుకుని తిప్పబోయాడు. దుపట్టా ముడి రాలేదు. రెండు చేతులా జుట్టు కౌగిలించుకుని మళ్ళీ లాగాడు.

రాక్‌వూల్‌ను చేతితొడుగులు లేకుండా ముట్టుకోకూడదు. ఇది మొహిద్దీన్‌కు తెలుసు, ఇంట్లో వాళ్ళకు చెప్పాడు. హారిస్‌కు చెప్పాలని తోచలేదు.

ముందు అరచేతులు మొదలయ్యాయి. తర్వాత మోచేతులు. గీక్కున్న చేత్తోనే మెడ తడుముకున్నాడు, అక్కడా మొదలైంది. అతను ఒకసారి బొమ్మ కళ్ళలోకి చూశాడు. "భాయ్ సాబ్, ఇస్ మే కుఛ్ హై", ఇందులో ఏదో ఉంది, అంటూ మెట్లు మూడేసి చొప్పున దిగి, గేటు దగ్గర నిలబడి గోక్కుంటూ అబూ ఫైసల్‌కు ఫోను చేశాడు. బొమ్మలో జిన్ను ఉందని, తనను పట్టుకుందని, కింద ఇంకొకటి కాపలా ఉండి తల ఊపుతోందని చెప్పాడు.

అబూ ఫైసల్ అసర్ దాకా ఆగలేదు.

పెద్దమనిషి. తెల్లని పొడవాటి థోబ్, చేతిలో జపమాల లాంటి తస్బీ. ఆవరణ మధ్యలో నిలబడి పైకి చూశాడు. కిందికి చూశాడు. అదే క్షణంలో ఏసీ ఆన్ అయింది. గుమ్మడికాయ అతనికి నమస్కారం పెట్టినట్టు ఊగింది. అతను రెండడుగులు వెనక్కి వేశాడు.

"సిహ్ర్" అన్నాడు మెల్లగా. చేతబడి. ఈ దేశంలో ఆ మాట మెల్లగా అన్నా గట్టిగానే వినిపిస్తుంది.

మొహిద్దీన్ పరుగున దిగొచ్చాడు. వెనకే రిజ్వానా, అఫ్షాన్. గుమ్మంలో జయ, అమ్మిరాజు. మెట్ల మీద షబ్నమ్, ఎవరికి ఏం అవసరమవుతుందోనని సిద్ధంగా. మొహిద్దీన్‌కు వచ్చిన అరబ్బీ అంతా పనిచోట నేర్చుకున్నది. వాల్వు మూయమనడం, పర్మిట్ చూపమనడం, నీళ్ళు తెమ్మనడం వచ్చు. చేతబడి కాదని చెప్పడానికి అందులో ఏదీ పనికిరాలేదు.

"ఖలాస్" అన్నాడు అబూ ఫైసల్. "ఇళ్ళు మార్చేది లేదు. ఇవి కట్టినవాళ్ళు ఎవరైనా సరే, నెలాఖరుకు నా ఇల్లు ఖాళీ చేయాలి."

అఫ్షాన్ ముందుకొచ్చింది. స్కూల్లో నేర్చిన శుద్ధమైన అరబ్బీలో, పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది. "అమ్మో, పైనున్నది స్కూలు ప్రాజెక్టు. నార్వే దేశపు ట్రోల్. ఎండ తగిలితే రాయైపోతుంది. అందుకే ఎండలో పెట్టాం. దాని జుట్టు నాన్న ప్లాంటులోది, ముట్టుకుంటే దురద." ఇక్కడ 'అమ్మో' అంటే అరబ్బీలో చిన్నాన్న లాంటి పిలుపు. కానీ ఆ సమయానికి తెలుగులో అన్నా సరిపోయేది.

"నార్వేనా?" అన్నాడు అబూ ఫైసల్. అతని ముఖం విప్పారింది. కొడుకు పోయినేడు సెలవులకు అక్కడికే వెళ్ళొచ్చాడు. అచ్చం ఇలాంటి బొమ్మలే దుకాణాల ముందు ఉంటాయని ఫోటోలు చూపించాడు. "మాషా అల్లాహ్. ముందే చెప్పొచ్చు కదా." ఫోను తీసి బొమ్మకు రెండు ఫోటోలు తీసుకున్నాడు. ఆ బొమ్మ ప్రొద్దుటూరుది అయినంతసేపు చేతబడి. నార్వేది కాగానే సంస్కృతి.

తర్వాత తస్బీతో గుమ్మడికాయను చూపించాడు. "మరి అది?"

అమ్మిరాజు ముఖంలో నెత్తురు లేదు. గుమ్మడికాయకు స్కూలు లేదు, దేశం లేదు. పసుపూ కుంకుమా మాత్రం ఉన్నాయి. జయ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమె కొడుకుకు పరీక్షలు దగ్గరలో ఉన్నాయి.

రిజ్వానా ఒక్క క్షణం ఆలోచించింది. ఆ క్షణంలో వచ్చిన ఆలోచన మంచిది కాదు. తను ఇప్పుడు నోరు మూసుకుంటే చాలు, జయ ఖాళీ చేస్తుంది. కింది ఇల్లు వాకిలి తెరుచుకుని కూర్చుంటుంది. ఇచ్చిపుచ్చుకోవడాలు కూడా అక్కర్లేదు. మెట్ల మీద షబ్నమ్ ఏదో చెప్పడానికి నోరు తెరిచింది.

"అదీ మాదే" అంది రిజ్వానా. "చెప్పు పాపా. అదీ నార్వేదే. దీని పెండ్లాం."

అఫ్షాన్ తల్లి ముఖం చూసింది. "మా పుస్తకంలో..." అని మొదలుపెట్టి, మిగతాది మింగి, అరబ్బీలోకి మార్చింది.

అబూ ఫైసల్ గుమ్మడికాయ దగ్గరికెళ్ళి వంగి పరిశీలించాడు. మీసాలున్నాయి. అయినా తలపంకించాడు. "మొగుడికన్నా ఈమే భయంకరంగా ఉంది. సహజమే" అని నవ్వాడు. రెండింటినీ ప్రదర్శనలో చూపించిన ఫోటోలు తనకు పంపాలని, తాళాలు అసర్ తర్వాత ఇస్తానని చెప్పి, ఇష్తియాక్‌ను స్నానం చేయమని కసిరి వెళ్ళిపోయాడు.

గేటు మూసుకున్నాక జయ మెల్లగా అంది. "మా కాయని మీదని ఎందుకు చెప్పారండీ? మీరు మా గుమ్మానికి దిష్టిబొమ్మ కట్టి, ఎండకు గతిలేక అడుక్కున్నానని కూడా అన్నారు కదా."

"నేనా? నువ్వే కదమ్మా ఇల్లు మారనని చెప్పిపంపినావు."

"ఆలోచించుకోవాలి అన్నానండీ."

"నేనూ, ముందు అడిగింది ఎవురని మాత్రమే అన్నా."

ఇద్దరూ ఒకేసారి మెట్లవైపు తిరిగారు. షబ్నమ్ అప్పటికే నాలుగు మెట్లు ఎక్కింది.

"నాదేమున్నదక్కా, ఏదో ఉడుత సాయం" అంది.

అఫ్షాన్ పొట్ట పట్టుకుని ఎందుకు నవ్విందో రిజ్వానాకు తప్ప ఎవరికీ అర్థం కాలేదు. రిజ్వానా తలెత్తి, పొద్దుటినుంచి మొదటిసారిగా తన బొమ్మను ముందువైపునుంచి చూసింది. "నువ్వు చెప్పింది నిజమే జయా" అంది. "నేనైతే రెండు కాయలు కట్టేదాన్ని."

ఆ రాత్రికి సంసారాలు మారాయి. కింద పాలు పొంగాయి, పైన కూడా పొంగాయి.

ఆదివారం ప్రదర్శనకు అబూ ఫైసల్‌కు ఇచ్చిన మాట ప్రకారం మొగుడూ పెళ్ళామూ ఇద్దరూ వెళ్ళారు. పరిశీలనకు వచ్చిన సృజన మేడం ట్రోల్ ముందు నిలబడి పెదవి విరిచింది. ఆమెది గుంటూరు. "ఇది నార్వేది కాదమ్మా, మన మేస్త్రీలు కట్టే దిష్టిబొమ్మ. రిఫరెన్స్ చూసి చేయాలి" అంది. గుమ్మానికి కాక బల్ల మీద కనిపించేసరికి పోల్చుకోలేక, గుమ్మడికాయను మాత్రం చాలాసేపు చూసింది. ఏ పుస్తకంలోనూ కనబడని రూపమని, పిల్ల బాగా లోతుకెళ్ళి వెతికిందని మెచ్చుకుంది. మొదటి బహుమతి గుమ్మడికాయకు వచ్చింది. మర్నాడు జయ దాని చెక్కు తీసి, కోరి, మిద్దె మీద వడియాలు పెట్టింది. నార్వే కొండభూతం భార్య రెండెండల్లో గలగలమని ఎండింది. అన్ని అంతస్తులకూ తలా ఒక డబ్బా వచ్చింది.

మదార్బీ కింది ఇంటిని చూసి సంతోషపడింది. గుమ్మం ముందు కుర్చీ కూడా బాగుందంది. ఆ కుర్చీలో రెండు రోజులు కూర్చుంది. వచ్చేపోయేవాళ్ళు గేటు దగ్గర సలాం చెప్పి తమ దారిన పోయారే తప్ప ఆగి మాట్లాడినవాళ్ళు లేరు. మూడో రోజు షబ్నమ్ చెత్త సంచితో దిగి, పక్కన కూలబడి, గంట తర్వాత లేచింది. నాలుగో రోజు నుంచి మధ్యాహ్నం భోజనం కాగానే మదార్బీ కడ్డీ పట్టుకుని, బిస్మిల్లా అంటూ, షబ్నమ్ ఇంటికి రెండంతస్తులు ఎక్కుతోంది.

"మోకాళ్ళు అత్తమ్మా" అంది రిజ్వానా.

"ఏం చేయల్లమ్మే. కింద కూచుంటే ఒక్క సంగతీ తెల్దు" అంది మదార్బీ, మూడో మెట్టు మీద ఆగి ఊపిరి తీసుకుంటూ. "పైన జయ నీ పప్పుచారు గురించి ఏమన్నాదో నీకు తెల్సునా? ఉండు, దిగొచ్చి చెప్తా."

నార్వే వాళ్ళ చెట్టుకు ఒక్క ఉడుతే ఉండేదని అఫ్షాన్ పుస్తకంలో రాసి ఉంది, వాళ్ళు అదృష్టవంతులు.